పోయింది నాన్నా

మా కారు చావుకి పది లీటర్ల డీజిల్ చాలింది.

పద్నాలుగేళ్ళు కొమ్మమూరు కాలువ కట్ట మీద గోతుల్లో తిరిగిన కారు అది. 1990 మే తుఫానులో చెట్టుకొమ్మ విరిగి మీద పడితే టాపు సొట్టపోయింది గాని, మర్నాడు పొద్దున తాళం తిప్పగానే స్టార్టయింది. ఇంజను రెండుసార్లు బోరు చేయించుకుంది. కమాను కట్టలు ఎన్నిసార్లు విరిగాయో లెక్కలేదు. అన్నిటినీ తట్టుకుని, చివరికి ఒక ప్లాస్టిక్ క్యాను మూత సరిగ్గా బిగుసుకోకపోవడం వల్ల పోయింది. ఆ మూత ఎవరు బిగించారని నాన్న ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. నేనూ అడగను. ఆ పది లీటర్లు ఒలికాక ఏడాదిపాటు మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం చెప్పాలి. అందులో నా వంతు ఉంది.

మాది చీరాలకి పదిహేను కిలోమీటర్ల దూరంలో, అందరి పొలాలూ తడిశాక మిగిలితే కాలువ నీళ్ళు వచ్చే శివారు ఊరు. 1988లో నాన్న ఎకరం పొలం అమ్మి, గుంటూరులో ఒక డాక్టరుగారు వాడుకున్న తెల్ల అంబాసిడర్, మార్క్ ఫోర్, కొన్నాడు. పొలం అమ్మి కారు కొన్నవాణ్ణి ఆ రోజుల్లో ఊరు ఏమనుకుంటుందో మీకు తెలుసు. నాయనమ్మ నెల రోజులు నాన్నతో మాట్లాడలేదు. బాడుగకి తిప్పడం మొదలుపెట్టిన మరుసటేడు, శివరాత్రినాడు, ఆవిడే ముందు సీట్లో కిటికీ పక్కన కూచుని కోటప్పకొండ తిరణాల చూసొచ్చింది. ఆ తర్వాత 'మన బండి' అనడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి ఊరంతా అదే మాట.

ఆ బండి పుట్టిల్లు బెంగాల్లో హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తరపారా. ఇంగ్లండు వాళ్ళ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో 1950ల చివర్లో మొదలై, ముందు జాలీ, దీపాలూ మారుతూ వచ్చినా ఒళ్ళు మాత్రం పెద్దగా మార్చుకోకుండా దేశమంతా తిరిగిన బండి. మా కారులో ముందు సీటు అరుగులాగా ఈ చివర్నించి ఆ చివరిదాకా ఒకటే. గేరు కర్ర స్టీరింగు పక్కన ఉండేది కాబట్టి కాళ్ళ దగ్గర అడ్డం లేదు. ముందు నలుగురు, వెనక ఆరుగురు ఎక్కిన రోజులున్నాయి. మా ఊరి పెళ్ళికూతుళ్ళు అందులోనే అత్తారింటికి వెళ్ళేవాళ్ళు. నొప్పులు మొదలైతే రాత్రి ఏ జాములోనైనా మా తలుపే తట్టేవాళ్ళు. చీరాల ఆసుపత్రి చేరకముందే ఆ వెనక సీట్లో ముగ్గురు పిల్లలు పుట్టారు. ఆసుపత్రి బాడుగకి నాన్న అప్పటికప్పుడు డబ్బులు అడిగేవాడు కాదు. కుప్పలు నూర్చాక బస్తానో అరబస్తానో వడ్లు ఇంటికి వచ్చేవి.

కారు లోపలి సంగతి ఇక్కడే చెప్పాలి. అడుగున ఇనప రేకు. చప్పుడు తగ్గడానికి దాని మీద అతికించిన తారు షీటు. దాని మీద వేలెడు మందాన జనపనార ఫెల్టు. అన్నిటి పైన రబ్బరు మ్యాటు. సీటు సంగతీ అంతే. స్ప్రింగులు, వాటి మీద గోనెపట్టా, కొబ్బరి పీచు, స్పాంజి, పైన రెగ్జిన్. కూచున్నవాళ్ళ నడుముకి దెబ్బ తగలకుండా వేసిన పొరలు ఇవన్నీ. నూనె లాంటిది ఏది ఒలికినా తాగి దాచుకునేవి కూడా ఇవేనని అప్పుడు మాకెవరికీ తట్టలేదు.

2002. ఆ ఏడు జూలైలో దేశం మొత్తం మీదే వానలు మొహం చాటేశాయి. కాలువ చివరిదాకా నీళ్ళు రాలేదు. నారుమళ్ళు బీటలు తీస్తుంటే ఊరివాళ్ళు మురుగు కాలువ మీద ఆయిల్ ఇంజన్లు పెట్టి, ఉన్న కాస్త నీటినీ తోడుకున్నారు. ఇంజన్లకి డీజిల్ కావాలి. బంకు చీరాలలో ఉంది. డీజిల్ క్యానుతో వస్తే బస్సు ఎక్కనివ్వరు. సైకిలు మీద ముప్ఫై కిలోమీటర్లు పోను రాను తొక్కేసరికి పొలం దగ్గర ఇంజను ఆగిపోయి ఉంటుంది. అందుకని చీరాలలో బాడుగ దించి తిరిగొచ్చేటప్పుడు నాన్న క్యాన్లు నింపుకుని వచ్చేవాడు. మోత కూలి తీసుకోలేదు. "మన బండే కదా" అనేవాళ్ళు, అడిగేవాళ్ళూ తెచ్చేవాడూ.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం. మర్నాడు ఊళ్ళో పెళ్ళి. డిక్కీలో వంటవాళ్ళ గుండిగలు, వెనక కాళ్ళ దగ్గర గరిటెలు, గంగాళాలు. ఎప్పుడూ డిక్కీలో పెట్టే ఇరవై లీటర్ల క్యానుకి ఆ రోజు చోటు లేదు. కింద గోనెసంచి వేసి వెనక సీటు మీద నిలబెట్టాడు. ఊరు ఇంకో మూడు కిలోమీటర్లు ఉందనగా కాలువ గట్టు దిగి గేదె అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాడు. వెనక ఏదో పడిన చప్పుడు గంగాళాలదే అనుకున్నాడు. అద్దాలు దించి ఉన్నాయి, కాలువ గాలి మొహాన కొడుతోంది. వాసన తెలియలేదు. ఇంటి ముందు ఆగి వెనక తలుపు తీస్తే క్యాను వెల్లకిలా పడి ఉంది. అందులో సగం ఉంది. తక్కిన సగం సీటు కుట్ల కన్నాల్లోంచి లోపలికి దిగి, అక్కణ్ణించి మ్యాటు కిందికి పోయి, పైకి తడి జాడ తప్ప ఇంకేమీ కనిపించకుండా మాయమైంది.

నాన్న మొదట చేసిన పని, మిగిలిన పది లీటర్లూ తీసుకుని పొలానికి పరిగెత్తడం. అక్కడ ఇంజను ఆగి ఉంది. ఎవరిదో నారు. ఆయన్ని నేను తప్పుపట్టలేను. తిరిగొచ్చేసరికి రాత్రి పదకొండు దాటింది. సామాను దించి, పాత పంచెతో సీటు పైపైన తుడిచి, రోజూ చేసినట్టే నాలుగు అద్దాలూ ఎత్తి, తలుపులు వేసి పడుకున్నాడు.

ఆ రాత్రి ఆ డీజిల్‌ని ఎవరూ కదిలించలేదు. పెట్రోలైతే కథ వేరుగా ఉండేది. పెట్రోలు మంటకి ఎంత దగ్గరి చుట్టమో గాలికీ అంతే దగ్గరి చుట్టం. సున్నాకి నలభై డిగ్రీల దిగువన కూడా దాని ఆవిరి నిప్పు అందుకోగలదు. అగ్గిపుల్ల దగ్గరికి రాకుండా కాచుకుని, తలుపులు బార్లా తీసి పెడితే రోజుల్లో చాలావరకు ఎగిరిపోతుంది. డీజిల్ అలా పోదు. అది మరగడం మొదలుపెట్టాలంటే దాదాపు 180 డిగ్రీలు, పూర్తిగా మరగాలంటే 360 దాకా వేడి కావాలి. చీరాల ఎండ ఎంత మండినా అందులో నాలుగో వంతు. ఎండ దాన్ని తరిమెయ్యలేదు, వాసన మాత్రం లేపుతుంది. ఒలికిన గంటలో ఇసకో రంపపు పొట్టో పాత గుడ్డలో వేసి, రుద్దకుండా అదిమి అదిమి పీల్పిస్తే చాలా భాగం బయటికి వచ్చేది. తెల్లారేసరికి అది పీచులోకీ నారలోకీ స్థిరపడింది.

పొద్దున్నే అమ్మా నేనూ సబ్బు పొడి కలిపిన నీళ్ళు బక్కెట్ల కొద్దీ పోసి, కొబ్బరి పీచుతో తోమాం. సబ్బుకి డీజిల్‌ని విడదీసే గుణం ఉంది. విడదీసినదాన్ని బయటికి లాగెయ్యాలి కదా. మేము పోసిన నీళ్ళు మ్యాటు కింద నుంచి ఎటూ పోలేదు. అప్పటిదాకా ఒక మూల ఉన్న డీజిల్‌ని ముందు సీటు కిందిదాకా మేమే మోసుకెళ్ళాం. ఆపైన ఫినాయిలు. ఆపైన అత్తరు. పెళ్ళివారు కట్టిన మల్లెదండలు, బంతిపూలు. కారు బయటినించి చూస్తే దేవుడి రథంలా ఉంది.

అప్పగింతలయ్యాక పెళ్ళికూతుర్ని వెనక సీట్లో కూచోబెట్టారు. నాలుగు కిలోమీటర్లు వెళ్ళారో లేదో పిల్ల వాంతి చేసుకుంది. పట్టుచీర పాడైంది. పెళ్ళికొడుకు మేనత్త కారు ఆపించి, "ఇదేం బండయ్యా, పిల్లని ఇంటికి చేర్చేదాకా ఉంచుతావా ఇది" అందట. రోడ్డు పక్క తుమ్మచెట్టు కింద అందరూ దిగి, వెనక వస్తున్న సుమోలో సర్దుకుని వెళ్ళిపోయారు. నాన్న ఖాళీ కారుతో వెనక్కి వచ్చాడు. దండలు అలాగే ఉన్నాయి. ముందుగా తీసుకున్న బాడుగ డబ్బులు లెక్కపెట్టి, మర్నాడు తెల్లారకముందే పెళ్ళికూతురి తండ్రికి ఇచ్చొచ్చాడు. ఆయన వద్దన్నా బల్ల మీద పెట్టి వచ్చాడు. పద్నాలుగేళ్ళలో తిరిగి ఇచ్చిన మొదటి బాడుగ అది.

అప్పట్నించి వైద్యాలు. నిమ్మకాయలు కోసి సీట్ల కింద పెట్టాం. వేపాకు పరిచాం. వంటసోడా డబ్బాలు చల్లి మర్నాడు దులిపాం. సోడా పైనున్న తడిని కాస్త పీలుస్తుంది, అడుగున ఉన్నదాని జోలికి పోలేదు. కాఫీ పొడి మూటలు కట్టి వేలాడదీస్తే రెండు రోజులు కాఫీ, డీజిల్ కలిసిన కొత్త వాసన ఒకటి వచ్చింది. పొయ్యిలో బొగ్గులు పళ్ళెంలో పోసి పెట్టాం. వాసన పీల్చే బొగ్గు ప్రత్యేకంగా తయారుచేస్తారని, అదైనా గాలిలోకి లేచినదాన్నే పట్టుకోగలదు గాని సీటులో ఊరుతున్నదాన్ని తోడలేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఒక శుక్రవారం అమ్మ ధూపపు గిన్నెలో నిప్పులు వేసి సాంబ్రాణి పట్టుకుని కారు తలుపు తీసింది. నాన్న అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. గిన్నె లాక్కుని దూరంగా మట్టిలో బోర్లించాడు. ఆ రోజు ఆయన కోప్పడింది న్యాయమే. డీజిల్ తడిసిన నార మీద నిప్పు పడితే వత్తిలాగా రాజుకుంటుంది. ఒలికింది పెట్రోలై ఉంటే అమ్మ కారు దాకా కూడా వెళ్ళేది కాదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కాళ్ళ దగ్గరే గూడు కట్టుకుని ఉంటుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాలు చేరితే చాలు, నిప్పురవ్వకి భగ్గుమంటుంది. ఇప్పటికీ కార్లలో ఏ వాసన వచ్చినా అగరుబత్తి వెలిగించేవాళ్ళని చూస్తే నాకు ఆ బోర్లించిన గిన్నె గుర్తొస్తుంది. దయచేసి ఆ పని చెయ్యకండి.

చీరాలలో నాన్న కారు చూపించే షెడ్డు మేస్త్రి ఒకాయన ఉండేవాడు. వయసులో చిన్నవాడు, నాన్నని బాబాయ్ అని పిలిచేవాడు. దసరా ముందు కారు చూసి తలుపు దగ్గరే కూలబడి మ్యాటు చివర ఎత్తి వాసన చూశాడు. "బాబాయ్, నువ్వు పైన పూస్తన్నావ్, అది అడుగున కూచుంది. సీట్లు విప్పి కింద పెట్టాలి. మ్యాటు, ఫెల్టు మొత్తం పీకి అవతల పారెయ్యాలి, ఒక్క ముక్క ఉండకూడదు. సీటు పీచు, స్పాంజి కొత్తది వేయించాలి. రేకు కనపడేదాకా గీకి, పొట్టుతో తుడిచి, సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు కొత్త ఫెల్టు. వారం రోజులు బండి నాకొదిలెయ్" అన్నాడు. ఖర్చు కూడా చెప్పాడు. అప్పటికి మాకు అది చిన్న మొత్తం కాదు. అయినా నాన్న ఒప్పుకున్నాడు. దీపావళి వెళ్ళాక సోమవారం బండి ఇచ్చేట్టు మాట అయింది.

ఆ వారం రోజులు ఆ కారులోంచి వాసన పోవడానికి మాకు దొరికిన చివరి అవకాశం. దాన్ని పోగొట్టింది నేను.

ముక్కు సంగతి చాలామందికి తెలియదు. ఏ వాసనైనా మొదట గట్టిగా కొడుతుంది. అక్కడే ఉంటే కొద్ది నిమిషాల్లో ముక్కు దానికి అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. చేపల బజారులో కూచునేవాళ్ళకి నీచు వాసన తెలియనట్టే. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ స్టీరింగు వెనకే కూచునే నాన్నకి నెల తిరిగేసరికి డీజిల్ వాసన తెలియకుండా పోయింది. చొక్కాకి అంటినదీ తెలియదు, అన్నంలో కలిసినదీ తెలియదు. అందుకని ఇంటికి రాగానే నన్ను పిలిచేవాడు. నేను చీరాలలో ఇంటర్ రెండో సంవత్సరం. పుస్తకాలు పక్కన పెట్టి వెళ్ళి, తలుపు తీసి, తల లోపల పెట్టి చూసి చెప్పాలి.

"ఏమ్మా, పోయిందా?"

కొన్నాళ్ళు "ఇంకా కొంచెం ఉంది నాన్నా" అన్నాను. అలా అన్నప్పుడల్లా ఆయన మొహం వాడిపోయేది. ఏమీ అనేవాడు కాదు. కాళ్ళు కడుక్కుని, అన్నం ముందు కూచుని రెండు ముద్దలు తిని లేచేవాడు. బాడుగలు సగానికి పడిపోయాయి. చీరాల స్టాండులో ఎక్కబోయినవాళ్ళు తలుపు తీసి, మళ్ళీ వేసి, పక్కనున్న ఇండికా ఎక్కుతున్నారని స్టాండులో వాళ్ళే మాకు చెప్పారు. నాన్న చెప్పలేదు.

దీపావళి మర్నాడు సాయంత్రం. చలిగాలి తిరిగింది. చల్లటి రోజుల్లో డీజిల్ తక్కువ లేస్తుంది. పైగా ఆయన అద్దాలు దించుకుని ఊరి నుంచి వచ్చాడు, లోపలంతా గాలి ఆడింది. నేను తల లోపల పెట్టాను. వాసన ఉంది. తక్కువగా ఉంది, కానీ ఉంది. సీటు కుట్ల దగ్గర ముక్కు ఆనిస్తే గొంతు పట్టేసింది. తల తిప్పి చూస్తే నాన్న రెండు చేతులూ కారు టాపు మీద ఆనించి నా మొహంలోకే చూస్తున్నాడు. పరీక్ష ఫలితం కోసం నోటీసు బోర్డు చూసే పిల్లాడిలాగా.

"పోయింది నాన్నా" అన్నాను.

ఆయన ఏం చేశాడో చెబితే మీకు చిన్న విషయంలా ఉంటుంది. తువ్వాలు తీసి బానెట్ తుడిచాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. లోపలికి వెళ్ళి అమ్మతో, "అమ్మాయి చూసింది, పోయిందంట" అన్నాడు. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు. సోమవారం మేస్త్రి దగ్గరికి వెళ్ళి, అవసరం లేదులే అని చెప్పి, ఆ డబ్బు పెట్టి నాలుగు కొత్త సీటు కవర్లు వేయించుకొచ్చాడు. పాత రెగ్జిన్ మీదే.

దాని తర్వాత నేను నిజం ఎలా చెప్పను? అడిగినప్పుడల్లా పోయిందనే అన్నాను. అమ్మ కూడా అదే అంది. మేమిద్దరం మాట్లాడుకుని అనుకున్నది కాదు, ఎవరికి వాళ్ళం అదే దారి పట్టాం. ఇరుగుపొరుగు కూడా ఆయన ముందు ముక్కు ముడవకుండా జాగ్రత్త పడ్డారు. ఊరంతా ప్రేమగానే ఉంది. కారు మాత్రం ఎవరూ ఎక్కడం లేదు. "మా పిల్లకి ఒంట్లో బాలేదు బాబాయ్, బస్సులో పోతాంలే" అనేవాళ్ళు. ఒంట్లో బాలేనివాళ్ళ కోసమే కదా ఆ కారు ఉన్నది. సంక్రాంతి వెళ్ళాక ఒక రాత్రి మా వెనక వీధిలో ఒకమ్మాయికి నొప్పులు వచ్చాయి. నాన్న చప్పుడుకి లేచి, చొక్కా తొడుక్కుని, తాళాలు తీసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మా గుమ్మం ముందు నుంచే వాళ్ళు ఆటో ఎక్కించుకుని వెళ్ళిపోయారు. ఆటో దీపం కట్ట మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆ నిలబడటం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది.

2003 వేసవి ఎండలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ ఎండల్లో మూసి ఉన్న కారు లోపలి నుంచి వాసన మళ్ళీ లేచింది, పోయిన శ్రావణం నాటిలాగే. ఈసారి డీజిల్‌తో పాటు మురుగు కంపు కూడా. మేము పోసిన సబ్బునీళ్ళు ఏడాదిగా ఫెల్టులోనే ఉన్నాయి. నాన్నకి తలనొప్పి, వికారం ఉండేవి, ఎండదెబ్బ అనుకున్నాడు. చివరికి ఒక రోజు చీరాల స్టాండులో ఎవరో కొత్త కుర్రాడు, ఈయన సంగతి తెలియనివాడు, "తాతా, నీ బండి కంపు మా దాకా వస్తోంది, అటు చివర పెట్టుకో" అన్నాడట. ఆ మధ్యాహ్నమే నాన్న కారు తిన్నగా మేస్త్రి షెడ్డుకి తీసుకెళ్ళి, "విప్పరా" అన్నాడు.

సెలవులు కావడంతో నేనూ వెళ్ళాను. సీట్లు బయటికి తీశారు. మ్యాటు ఎత్తారు. ఫెల్టు పేడలాగా ఊడి వచ్చింది. దాని కింద తారు షీటు ఉండాల్సిన చోట నల్లటి జిగురు. డీజిల్ తారుని కరిగిస్తుంది. చీరాలలో సముద్రపు గాలి ఉప్పు, మా నీళ్ళు, ఆ కరిగిన తారు కింద నెలల తరబడి ఆరని తడి. మేస్త్రి పుల్లతో జిగురు గీకబోతే పుల్ల రేకులోంచి కిందికి దిగి నేలకి తగిలింది. వెనక కాళ్ళ దగ్గర రెండు వైపులా, ముందు సీటు కింద, చెయ్యి పట్టేంత కన్నాలు. లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కి వేరే ఛాసిస్ లేదు, దాని ఒళ్ళే దాని ఎముక. అడుగు రేకు పోయిందంటే వెన్నుపూస పోయినట్టే.

అయినా అతుకులు వేద్దామన్నాడు మేస్త్రి. గ్యాసు వెల్డింగ్ చేసే ఆయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన కారు చుట్టూ తిరిగి, గుమ్మాల కింద ఉండే డొల్ల రేకుల్లో వేలు పెట్టి తీసి వాసన చూసి, సామాను మళ్ళీ సైకిలుకి కట్టుకున్నాడు. "దీన్ని ముట్టుకోను. లోపల ఎంత దాగుందో తెలీదు" అన్నాడు. మామూలుగా అగ్గిపుల్లకి తొందరగా అంటుకోని డీజిల్ కూడా రేకు ఎర్రగా కాలితే పొగలు కక్కుతుంది, మూసుకున్న డొల్లలో ఆ పొగ చేరితే పేలుతుంది. ఆయన మంచి పనివాడు, తెలిసే చెప్పాడు. మేస్త్రి నేల చూపులు చూస్తూ, "పోయినేడు దసరాకి ఇచ్చుంటే రేకు బాగానే ఉండేది బాబాయ్" అన్నాడు. నాన్న నా వైపు చూడలేదు. నేను ఆయన వైపు చూడలేకపోయాను.

ఆషాఢంలో పాత ఇనుముకి ఇచ్చేశాం. ఇంజను, చక్రాలు విడిగా పోయాయి. మిగిలిన ఒంటిని గ్యాసుతో కొయ్యడానికి అక్కడా ఎవరూ ఒప్పుకోలేదు. ఉలులు, సమ్మెటలతో పగలగొట్టి కాటా వేశారు. నాన్న కాటా దగ్గర నిలబడి అంకె చూసుకుని, డబ్బు జేబులో పెట్టుకున్నాడు. సీట్లలో ఇనుము తక్కువని వాళ్ళు తీసుకోలేదు. ముందుది అక్కడే వదిలేసి, వెనక సీటు ఎడ్లబండి మీద ఇంటికి తెచ్చాడు. ముగ్గురు పిల్లలు పుట్టిన సీటు. వసారాలో గోడవారగా వేసుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకరి కారుకి డ్రైవరుగా వెళ్ళేవాడు, నెల జీతానికి. సాయంత్రం వచ్చి ఆ సీటు మీద కూచుని కాలువ వైపు చూసేవాడు. అమ్మ గాని నేను గాని దాని మీద ఎప్పుడూ కూచోలేదు. ఎందుకని ఆయన అడగలేదు.

2006లో నాకు పెళ్ళయింది. అద్దెకి తెచ్చిన కారులో వెళ్ళాను. లోపల ఏ వాసనా లేదు.

2011 వేసవిలో నా కొడుకుకి నాలుగేళ్ళు. వసారాలో తాతయ్య పక్కన ఎక్కి కూచున్నాడు. ఎండకి రెగ్జిన్ వేడెక్కి ఉంది. వాడు ముక్కు పట్టుకుని, "తాతయ్యా, నీ సీటు కంపు. పెట్రోలు కంపు" అన్నాడు. వాడికి డీజిలూ పెట్రోలూ ఒకటే. నేను గడప దగ్గర చాటలో బియ్యం ఏరుతున్నాను. చెయ్యి ఆగిపోయింది.

నాన్న సీటు మీద అరచెయ్యి పెట్టి, తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఏమీ తెలిసినట్టు లేదు.

"ఏమ్మా, వాసనుందా దీనికి?"

"ఉంది నాన్నా."

"అప్పుడు కూడా ఉందా?"

"ఉంది."

చాలాసేపు ఏమీ అనలేదు. మనవణ్ణి దించి ఆడుకోమని పంపాడు. తర్వాత, "చెప్పకపోయావా తల్లీ" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉండి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. మర్నాడు పొద్దున లేచేసరికి సీటు వసారాలో లేదు. పొలం చివర గొయ్యి తీసి పాతిపెట్టి వచ్చాడని అమ్మ చెప్పింది.

రెండేళ్ళకి నాన్న పోయాడు. ఆ మరుసటేడు, 2014 మే నెలలో, ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయిందని పేపర్లో చదివాను. అందరూ తమ తమ అంబాసిడర్ల గురించి రాసుకున్నారు. కొత్త కార్లు వచ్చి పాతదాన్ని తోసేశాయని అన్నారు. దేశం మొత్తానికి అది నిజమే కావచ్చు. మా ఇంటి అంబాసిడర్‌ని తోసేసింది ఇండికా కాదు, కరువు కాదు, డీజిల్ కూడా కాదు. తడిసిన ఫెల్టు మార్చుకుని ఇంకో పదేళ్ళు తిరగగల బండి అది. బాధపడతాడని నేను చెప్పిన రెండు మాటలు దాన్ని తినేశాయి.

కారు నడిపేవాళ్ళకి తమ కారు వాసన తమకి తెలియదు. రేపు మీ నాన్నో మీ అన్నో కారు తలుపు తీసి పట్టుకుని, పోయిందా అని మిమ్మల్ని అడిగితే, మొహం చూడకండి. సీటు కుట్ల దగ్గర ముక్కు పెట్టి చూసి, ఉంటే ఉందని చెప్పండి. చెప్పి ఊరుకోకండి, ఆ పూటే ఇద్దరూ కలిసి మ్యాటు ఎత్తండి.